ఇసుర్రాయి నుంచి అమ్మకం దాకా: మన జొన్న రొట్టె

షుగర్ ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు ఇయ్యాల ఏరికోరి తింటున్న జొన్న రొట్టె ఒకప్పుడు మన ఊళ్లల్లో రోజువారీ తిండి. అబ్దుల్లాపూర్‌మెట్ మండలమైంది 2016లోనే గానీ, ఇక్కడి ఊళ్లు పాతవి. కాలువ నీళ్లు అందని చెలకల్లో వానను నమ్ముకొని జొన్న వేసేవారు. గింజ మనుషులకు, సొప్ప పశువులకు. పేదిండ్లల్లో వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో వండేవారు.

రొట్టె వెనుక పనంతా ఆడవాళ్లదే. జొన్నపిండి పాతబడితే రొట్టె విరుగుతుంది. అందుకే ఎప్పటికప్పుడు ఇసురుకోవాలి. తెల్లవారకముందే లేచి, అలుపు తెలియకుండా పాటలు పాడుకుంటూ ఇసుర్రాయి తిప్పేవాళ్లు. గోధుమపిండికున్న జిగురు జొన్నపిండికి లేదు. ఉడుకునీళ్లు పోసి బాగా పిసికి, చేత్తో తట్టాలి. కాగిన పెంక మీద వేసి, పైన నీళ్లు అద్ది, తడి ఆరినాక తిప్పాలి. నూనె చుక్క అక్కర్లేదు. ఎల్లిపాయ కారమో, పుంటికూరో పెట్టి మూట కట్టుకుంటే చేను కాడ మధ్యాహ్నం గడిచేది.

తర్వాత గిర్నీలు వచ్చినయ్. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదిండ్లకు రోజూ అన్నం దొరికింది, ఆడవాళ్ల రెక్కలకు కొంత ఆసరా అయింది. దాన్ని తప్పుపట్టలేం. కానీ జొన్న తినేవాళ్లు తగ్గేసరికి వేసేవాళ్లూ తగ్గిన్రు. పట్నం పెరిగి మన దిక్కు చెలకలు ప్లాట్లయినయ్. రొట్టె కొట్టే పనితనం అత్తల కాడనే ఆగిపోయింది.

జహీరాబాద్ దిక్కు మాత్రం పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలో వేరే దారి చూపినయ్. పడావు భూముల్లో జొన్న పండించి, ఊర్లోనే నిల్వ చేసి, పేదలకు తక్కువ ధరకు ఇచ్చిన్రు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినంక పట్నంలోనూ వీటి మాట పెరిగింది.

ఇయ్యాల దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ రోడ్ల పక్కన సాయంత్రం రొట్టెలు కొట్టి అమ్ముతూ ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు ఉన్నారు. మన సంఘాల్లోనూ ఈ పని మొదలుపెట్టే అక్కచెల్లెళ్లకు ఒక మాట: ధర కట్టేటప్పుడు పిండి, గ్యాస్ ఖర్చే కాదు, చేతి కూలి కూడా రాసుకోండి. ఇసుర్రాయి కాడ మన అమ్మమ్మలు, నాయనమ్మలు పడ్డ కష్టం ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కలేదు. మన కష్టమైనా సంఘం పుస్తకంలోకి ఎక్కాలె.