ఎరవు గ్రంథములు — కీట్సు మహాకవి

ఆంగ్ల కాల్పనిక కవులలో అగ్రగణ్యుడగు జాన్ కీట్సు 1795లో లండను నగరమున ఒక గుఱ్ఱపుశాల నిర్వాహకుని యింట జన్మించెను. పదునాలుగేండ్లకే తల్లిదండ్రుల నిరువురను గోల్పోయి, ఎడ్మంటన్ గ్రామమున శస్త్రవైద్యుని కడ శిష్యుడయ్యెను. తీరిక దొరికినప్పుడెల్ల ఎన్‌ఫీల్డు పాఠశాలకు నడచిపోయి, ప్రధానోపాధ్యాయుని కుమారుడగు క్లార్కు నుండి పుస్తకములు ఎరవు తెచ్చుకొనెడివాడు. స్పెన్సరు మహాకావ్యము అట్లే లభించెను. 1814లో కీట్సు తొలి పద్యమును ఆ కవి ననుసరించియే వ్రాసెను.

అతనికి గ్రీకు రాదు. అయినను 1816 అక్టోబరులో ఒక రాత్రి క్లార్కుతో గూడి, ఎరవు తెచ్చిన చాప్‌మన్ ఆంగ్లానువాదమున హోమరును చదివెను. ఆ ఉదయముననే దానిపై వ్రాసిన సానెట్ మిత్రునికి చేరెను.

1818లో విమర్శకులు అతని ‘ఎండిమియన్’ను ఎగతాళి చేసిరి. మరుసటి యేటనే కీట్సు తన ఉత్తమ గీతములను రచించెను. 1821 ఫిబ్రవరి 23న రోమునందు క్షయవ్యాధిచే మరణించునాటికి అతని వయస్సు 25 ఏండ్లే. అంత స్వల్పకాలమున వికసించిన ఆ ప్రతిభకు, అడిగినవెంటనే పుస్తకమందించిన చేయి తోడ్పడినదని మరువరాదు.