సంతకం దగ్గరే ఆగిన కొలమానం

వేలిముద్ర పోయి సంతకం వస్తే చదువొచ్చినట్టేనన్న లెక్క మన ఊళ్లలో చాలాకాలం నడిచింది. జనాభా లెక్కలదీ దాదాపు అదే దారి. ఏడేళ్లు నిండిన మనిషికి ఏదో ఒక భాషలో చదివి అర్థం చేసుకోవడం, రాయడం వస్తే అక్షరాస్యుడే. అయితే ఇంట్లోవాళ్లు చెప్పింది రాసుకోవడమే తప్ప చదివించి చూసేదేమీ ఉండదు. 1988 మే 5న మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ దీన్ని దాటి గట్టి కొలమానం పెట్టింది. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చూసి 7 మాటలు, చెబుతుంటే 5 మాటలు రాయాలి. మూడంకెల కూడికలు, తీసివేతలు రావాలి. తూకాలు, కొలతలు తెలియాలి, వడ్డీ కొంతైనా అర్థమై పనిలో అక్కరకు రావాలి. ఈ జాబితాలో చివర ఉన్న తూకం, కొలత, వడ్డీలే మరిపెడ లాంటి చోట అన్నిటికంటే ముందుండాలన్నది నా వాదన.

మరిపెడ ప్రాంతం మిర్చికీ, తండాలకూ పేరు. పంట మార్కెట్‌కు పోతే రైతు చేతికొచ్చే తక్‌పట్టీలో బస్తాల తూకం, ధర, కమీషన్, హమాలీ, చివరికి మిగిలిన మొత్తం ఉంటాయి. సంతకం ఒక్కటే వచ్చిన మనిషికి అందులో ఏ కోత ఎందుకు పడిందో తెలియదు. ఉపాధి హామీ పనిదీ అదే కథ. 2006లో తొలి విడతలోనే ఆ పథకం, మరిపెడ అప్పుడున్న వరంగల్ జిల్లాకు వచ్చింది. మట్టిపనిలో కూలి కొలతను బట్టే. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు లోతు తవ్వితే ఆరు ఘనపు మీటర్లు. లోతు 80 సెంటీమీటర్లని రాస్తే 4.8 మాత్రమే. ఐదింట ఒక వంతు కష్టం కాగితం మీదే మాయమవుతుంది. మస్టర్‌లో సంతకం ఎంత గుండ్రంగా ఉన్నా ఆ నష్టాన్ని పట్టుకోలేదు.

పెద్దవాళ్లకు నోటిలెక్కలు బాగా వస్తాయి కదా, వయోజన విద్యలో లెక్కల పరీక్ష ఎందుకని కొందరంటారు. నిజమే, నూటికి రెండు రూపాయల వడ్డీకి వెయ్యి తీసుకుంటే నెలకు ఇరవై అని చదువురాని అవ్వ కూడా ఠక్కున చెబుతుంది. అదే అప్పు ఏడాదికి 24 శాతమనీ, బ్యాంకు కాగితంలో 12 శాతమని ఉంటే అందులో సగమేననీ పోల్చి చూడాలంటే కాగితం చదవడం రావాలి. తండాల్లో ఇంకో చిక్కుంది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, పరీక్ష తెలుగులో. తెలుగు తడబడినంత మాత్రాన లెక్క రాదనుకోవడం అన్యాయం. పరీక్షంటే భయపడతారన్న మాటలోనూ నిజముంది. అయితే ఆ భయం పోవాలంటే పరీక్ష మానెయ్యడం కాదు, వాళ్లు రోజూ పట్టుకునే కాగితాలనే ప్రశ్నపత్రంలో పెట్టాలి.

2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ వయోజన విద్యా పథకంలో పరీక్ష 150 మార్కులకు జరిగింది: చదవడం, రాయడం, లెక్కలు తలా 50. 2022లో మొదలైన ఉల్లాస్ పథకంలోనూ ఇవే మార్కులు. ఆ లెక్కల 50లో సగమైనా తక్‌పట్టీకీ, కొలతల పట్టికకూ, వడ్డీకీ కేటాయించాలి. వయోజన విద్య చూసే అధికారులు వచ్చే ప్రశ్నపత్రంలోనే ఈ మార్పు తేవాలి.