చమురులో దొరికిన పత్రహరితం

నల్లగా, జిగటగా, గంధకం వాసన కొట్టే ముడి చమురులో ఆకుపచ్చని రంగు తాలూకు అణువు ఇంకా బతికే ఉందట. ఈ సంగతి చదివిన రోజు నుంచి నాకు ఇంకో ధ్యాస లేదు.

చమురు ఎలా పుట్టిందన్న తగువు పాతదే. ఆవర్తన పట్టిక ఇచ్చిన మెండలీవ్ అంతటివాడు, భూగర్భంలోకి ఇంకిన నీరు ఇనుప కార్బైడ్లను తాకితే చమురు పుడుతుందని 1877లో వాదించాడు. జీవంతో పనిలేదన్నమాట. ఆ తర్వాత అరవై ఏళ్లూ చర్చలతోనే గడిచాయి.

నాకిష్టమైన కాలం 1930లు, ఊరు మ్యూనిక్. అక్కడ హాన్స్ ఫిషర్ ప్రయోగశాలలో రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌నూ, ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితాన్నీ విప్పి చూస్తున్నారు. 1930లో ఆయనకు నోబెల్ వచ్చింది ఈ పనికే. రెండింటి నిర్మాణమూ దగ్గరదగ్గరగా ఒకటే: నాలుగు నత్రజని పరమాణువులు లోపలికి తిరిగి ఉన్న ఒక వలయం, నడుమ ఒక లోహం. రక్తంలో అది ఇనుము, ఆకులో మెగ్నీషియం. అక్కడే పనిచేసే ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ముడి చమురులోనూ, షేల్ రాళ్లలోనూ ఆ వలయం కోసం వెతికాడు. చమురు నుంచి వేరుచేసిన ఎర్రని ద్రావణం గుండా వెలుతురు పంపితే, రంగుల పట్టీలో పసుపు, ఆకుపచ్చల దగ్గర సన్నని నల్లచారలు పడ్డాయి. అవి పార్ఫిరిన్ల, అంటే అలాంటి వలయమున్న అణువుల చారలు. వలయం చెక్కుచెదరలేదు, నడుమ ఉన్న మెగ్నీషియం మాత్రం జారిపోయి దాని చోట వెనేడియం కూర్చుంది. 1934లో ఆయన ఈ సంగతి ప్రకటించడంతో చమురు జీవం నుంచే పుట్టిందనడానికి సాక్ష్యం దొరికింది. విపరీతమైన వేడికి ఆ వలయం నిలవదు కాబట్టి, చమురు కొలిమిలాంటి లోతుల్లో పుట్టిందనే వాదనకూ దెబ్బ తగిలింది.

డైనోసార్ల కొవ్వు కరిగి చమురైందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. అసలు ముడిసరుకు కంటికి ఆనని నాచు, ప్లవకాలు, బాక్టీరియా. ఆక్సిజన్ అందని బురదలో పూడి, కెరోజన్ అనే ఘనపదార్థంగా మారి, సుమారు 60 నుంచి 150 డిగ్రీల వేడిలో లక్షల, కోట్ల ఏళ్లు మగ్గితే చమురు. వేడి అంతకు మించితే మిగిలేది గ్యాసే. తూకంలో కార్బన్ 83–87 శాతం, హైడ్రోజన్ 10–14 శాతం, మిగతాది గంధకం, నత్రజని, ఆక్సిజన్, పిసరంత లోహాలు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురుకు తల్లిరాళ్లలో ముఖ్యమైన రాఘవాపురం షేల్ క్రెటేషియస్ కాలం నాటి బురదే.

పత్రహరితానికి ఒక పొడవాటి తోక ఉంటుంది. అదీ వృథా పోలేదు. విరిగి ప్రిస్టేన్, ఫైటేన్ అనే హైడ్రోకార్బన్లుగా చమురులో నిలిచింది. ఈ రెండింటి నిష్పత్తిని బట్టి, ఆనాటి బురదకు గాలి తగిలిందో లేదో అంచనా కట్టవచ్చు.

ఇంత చరిత్ర మోసుకొచ్చిన చమురును మనం చేసేదేమిటి? రకరకాల దేశాల చమురు ఒకే ట్యాంకులో కలిపేస్తాం. చమురులోని వెనేడియం, నికెల్ లోహాలు ఉత్ప్రేరకాలను పాడుచేస్తాయి కనుక రిఫైనరీకి అవి శత్రువులు; చాలావరకు అడుగుమడ్డిలో మిగిలి తారురోడ్ల పాలవుతాయి. కోట్ల ఏళ్లు నిలిచిన దస్తావేజును చదవకుండానే తగలబెట్టడం నాకు మింగుడుపడదు.

చదివినచోట మాత్రం ఎంత ఫలితమో! ఈజిప్టు మమ్మీలు కొన్నింటికి పూసిన నల్లని పూతలో ఇలాంటి అణువులనే పరీక్షించి, ఆ తారు మృతసముద్రం నుంచి వచ్చిందని తేల్చారు. చమురు బావుల కోసం నేర్చిన విద్య అలా వేల ఏళ్లనాటి వర్తకుల దారి చూపించింది.