వానను నమ్మినోళ్లకు బంతి ఒక లెక్కా!

2023 జులై 9, ఆదివారం. బంగ్లాదేశ్‌లోని మీర్‌పూర్ మైదానంలో భారత మహిళల జట్టు తొలి టీ20 ఆడుతోంది. ఆ రోజు ఇద్దరమ్మాయిలకు అరంగేట్రం. ఒకరు కేరళలోని వయనాడ్ నుంచి వచ్చిన మిన్ను మణి. రెండో అమ్మాయి అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లికి చెందిన బారెడ్డి అనూష, ఎడమచేతి స్పిన్నర్.

జులై రెండో వారమంటే అనంతపురంలో ఎవరి చూపూ బంతి మీద ఉండదు, మబ్బు మీదుంటుంది. ఒక్క పదును వాన పడితే శెనక్కాయ విత్తనం వేయాలి. పడకపోతే ఇంట్లో వలిచిపెట్టిన విత్తనాలు పుచ్చిపోతాయి. అట్లాంటి వేళ, ఏ రచ్చబండ మీదో పదిమంది ఒక్క ఫోన్ చుట్టూ మూగి ఉంటే ఎట్లుంటుందో ఊహించుకోండి. "ఆ పుర్రచేతి పాపేనా మనూరిది?" "ఊ, ఆ పాపే."

ముందే చెప్పేస్తాను. ఈ కథలో మాట్లాడే అమ్మా, నాయినా అనూష తల్లిదండ్రులు కారు. ఆటలాడే పిల్ల ఉన్న ఏ సీమ ఇంట్లోనైనా కనిపించేవాళ్లు. మాటలు నేను కట్టినవి. ఊళ్లు, తేదీలు, రూపాయలు మాత్రం నిజం.

కొన్నేళ్లు వెనక్కి పోదాం. సాయంత్రం, వాకిట్లో అవ్వ చాటలో బియ్యం చెరుగుతోంది. బడి నుంచి వచ్చిన పిల్ల మోచేయి గీరుకుపోయి ఉంది.

"పిలగాండ్లతో ఆ ఆటేందే? ఎండలో తిరిగి నల్లగా కమిలిపోతే రేపు పెండ్లెవరు చేసుకుంటారు?" అంది అవ్వ.

అమ్మ ఏమీ అనలేదు. పసుపు తెచ్చి మోచేతికి అద్దింది. నాయిన మాత్రం రాత్రి అన్నం ముందు కూర్చున్నాక అడిగాడు.

"అనంతపురంలో హాస్టల్ అంటున్నారే, అన్నం ఎవురు పెడ్తారు?"

"వాళ్లేనంట."

"దుడ్లు?"

"మనం కట్టేదేమీ లేదంట."

"అట్లైతే పోనీ."

ఆ 'పోనీ'లో పెద్ద కలలేవీ లేవు. ఇంట్లో ఒక నోటికి తిండి దొరుకుతుందన్న లెక్క ఉంది. దాన్ని తక్కువగా చూడటం నాకు ఇష్టం లేదు. ఆ లెక్కే లేకపోతే ఈ జిల్లాలో సగం మంది ఆటగాళ్లు గడప దాటేవాళ్లు కాదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ తర్వాతి కాలంలో స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. హాకీ, ఫుట్‌బాల్, జూడో, క్రికెట్ పల్లె పిల్లలకు అందాయి. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ కేంద్రం కూడా అక్కడికే వచ్చింది. అనూష ఎదిగింది ఈ గూటిలోనే.

ఇక బండ్లపల్లి సంగతి. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి దేశంలో ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. అప్పటికి అనూష బడికి పోని పిల్ల. సీమలో దాన్ని 'కరువు పని' అంటారు. 2023-24లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి రోజుకు 272 రూపాయలు. అప్పట్లో ఏడాదికి ఇంటికి 100 రోజులు.

2022 అక్టోబరులో బీసీసీఐ ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది. టీ20కి 3 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టెస్టుకు 15 లక్షలు. మూడు లక్షల్ని 272తో భాగించండి. ఏడాదికి వంద రోజుల చొప్పున ఒక ఇల్లు పదకొండేళ్లు మట్టి మోయాలి. ఆ పథకం పుట్టిన ఊరి పిల్ల నాలుగు గంటల్లోపే ముగిసే ఆటకు తీసుకునే దుడ్లు అవి.

అయితే ఆ మ్యాచ్ దొరకాలి కదా! దేశవాళీ సీనియర్ మహిళలకు అప్పట్లో రోజుకు 20 వేలు. మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) 2023 మార్చిలో మొదలైంది. అయిదు జట్లు, జట్టుకు 18 మంది. విదేశీయులు పోగా మనవాళ్లకు మిగిలేవి 60 చోట్లకు అటూ ఇటూ. ఒక వేలు బెణికినా, ఒక సీజన్ చెడినా పేరు జాబితా నుంచి జారిపోతుంది.

ఇలాంటి గండం ఎక్కడైనా ఉంటుంది. 2008లో భారత్‌లో జరిగిన ఒక పోటీలో బంతి విసిరి ముందు నిలిచిన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. వాళ్ల మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. పెద్ద లీగ్ దాకా మాత్రం ఇద్దరూ చేరలేదు. రింకూ చివరికి కుస్తీల వైపు పోయాడు.

మన రాష్ట్రంలో ఈ గండాన్ని కళ్లు తెరిచి నెత్తికెత్తుకున్న తండ్రి ముత్యాలరెడ్డి. విశాఖలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. ఉదయ్‌పూర్‌కు బదిలీ అంటే, కొడుకు నితీశ్ కుమార్ రెడ్డి క్రికెట్ ఆగిపోతుందని ఉద్యోగమే వదిలేశాడు. బంధువులు తప్పుబట్టారు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో నితీశ్ 99 మీద ఉండగా అవతల తొమ్మిదో వికెట్ పడింది. కమిన్స్ వేసిన మూడు బంతుల్ని సిరాజ్ కాచుకున్నాడు. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేస్తే స్టాండ్స్‌లో ఆ తండ్రి ఏడ్చేశాడు. ఆ దృశ్యం చూసి నేనూ కదిలిపోయాను. కానీ ఒక మాట అనాలి. వదులుకోవడానికి ఆయనకు ఒక ఉద్యోగం ఉంది. మెట్ట చేలో వదులుకోవడానికి ఏముంది?

అందుకే ఈ నేల మీద తల్లిదండ్రుల భయం వేరేగా ఉంటుందని నాకనిపిస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, జానెడు లోతు ఎర్రమట్టి. ఊడలు దిగే ఆగస్టులో వాన మొహం చాటేస్తే గింజ పట్టదు. పెట్టుబడి పోయినా అప్పు నిలిచే ఉంటుంది. ఏటా ఈ పందెం కాసేవాళ్లకు బంతితో పందెం కొత్తేం కాదు.

మీర్‌పూర్‌లో ఆ ఆదివారం బంగ్లాదేశ్ 114 పరుగులే చేసింది. మనవాళ్లు ఏడు వికెట్లతో గెలిచారు. సరిగ్గా వారానికి, జులై 16న అనూషకు తొలి వన్డే. ఆ రోజు మాత్రం మన జట్టు 40 పరుగులతో ఓడింది. బంగ్లాదేశ్ చేతిలో వన్డేల్లో మన మహిళలకు అదే తొలి ఓటమి. ఆ రాత్రి మన ఊహల ఇంట్లో ఇలా జరిగి ఉంటుంది.

"ఓడిపోయినా దుడ్లిస్తారా?"

"ఇస్తారంట."

"మన చేనికంటే నయమే!" అని నాయిన నవ్వాడు. అమ్మకు నవ్వు రాలేదు. పిల్ల రాత్రి అన్నం తిన్నదో లేదో అడగమంది.

ఆ ఆగస్టు 1901 నుంచి దేశంలో నమోదైన ఆగస్టులన్నింటిలో వాన తక్కువ పడిన నెల. సెప్టెంబరు 25న హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత మహిళలు స్వర్ణం గెలిచారు. ఆ జట్టు జాబితాలో అనూష పేరుంది.

పతకం వార్త తెలిశాక పక్కింటాయన వచ్చి అడుగుతాడు. "మామా, మా పాపను కూడా చేర్పించమంటావా?"

నాయిన బీడీ ముట్టించుకుని ఆలోచిస్తాడు. ఇండియా టోపీ గురించి ఒక్క మాట రాదు ఆయన నోట. ఆయన మనసులో ఉన్నది గుంతకల్లు జంక్షన్, అక్కడి రైల్వే డివిజన్ ఆఫీసు. రైల్వేల మహిళా జట్టు బలమైనదనీ, మిథాలీ రాజ్ కూడా రైల్వే ఉద్యోగేననీ ఎవరో చెప్పారు. స్పోర్ట్స్ కోటా అనే మాట ఆయనకు బాగా నోటికొచ్చింది.

"చేర్పించురా. డిగ్రీ మాత్రం మాన్పియ్యద్దు. ఆడిన ప్రతి మ్యాచ్ కాగితం జిరాక్స్ తీసి పెట్టుకో. రైల్వేవోళ్లు అవే అడుగుతారంట."