తీగకు అవతల ఎవరు?

ఒక మనిషి గుమ్మంలో నిలబడి 'నేను తహశీల్దారును' అని చెపితే ఇంటివారు అతనిని ఒకసారి ఎగాదిగా చూస్తారు. వెంట వచ్చిన బంట్రోతు, మాట తీరు, ఊరివారు చూపే వినయం, ఇవన్నీ అతని మాటకు సాక్ష్యాలు. అదే మాట టెలిఫోనులో వినబడినప్పుడు సాక్ష్యానికి కంఠస్వరం ఒక్కటే మిగులుతుంది. 'పిలుస్తున్నది ఎవరు' అన్న ప్రశ్నకు టెలిఫోను ఏనాడూ పూచీ పడి సమాధానం చెప్పలేదు. ఈ లోపం ఎట్లా వచ్చినదో, మోసగాండ్రు దానిని ఎట్లా వాడుకున్నారో గ్రహించడానికి టెలిఫోను పుట్టుకకు ముందు కాలానికి పోవలసి ఉన్నది.

ఫ్రాన్సు దేశంలో క్లోద్ షాప్ అనే ఆయన నిర్మించిన దృశ్య టెలిగ్రాఫు 1794 లో పారిస్, లీల్ నగరాల మధ్య పనిచేయసాగినది. కొండలమీద, ఎత్తైన కట్టడాలమీద గోపురాలు. ఒక్కొక్క గోపురంపైన కదిలే కొయ్య చేతులు. ఒక గోపురంలోని పనివాడు దుర్భిణితో వెనుకటి గోపురాన్ని చూచి, అక్కడ చేతులు ఏ భంగిమలో ఉన్నవో తన చేతులను ఆ భంగిమలోనే నిలిపేవాడు. అట్టి భంగిమలు 92. వాటి అర్థం దారిలోని పనివాండ్రకు తెలియదు. సంకేత గ్రంథం రెండు చివరల ఉన్న అధికారుల వద్దనే ఉండేది. ఈ ఏర్పాటు ప్రభుత్వానికి మాత్రమే. వ్యాపారులకు దానిలో చోటు లేదు.

బోర్డో నగరంలో ప్రభుత్వ ఋణపత్రాల వ్యాపారం చేసే బ్లాంక్ సోదరులకు ఇది కంటగింపుగా ఉండేది. పారిస్ ధరలు గుర్రపు బండి టపాలో బోర్డో చేరడానికి కొన్ని దినాలు పట్టేది. ధర పెరిగినదో తగ్గినదో ఒక్కరోజు ముందు తెలిసినా లాభమే కదా! 1834 లో వారు టూర్ పట్టణంలోని టెలిగ్రాఫు ఉద్యోగికి లంచం పెట్టినారు. పారిస్ లోని వారి మనిషి బండి టపాలో పంపే పొట్లంలో ధరల కదలికకు గుర్తు ఉండేది. ఆ గుర్తును చూచి, టూర్ ఉద్యోగి సర్కారు సందేశంలో కావాలని ఒక తప్పు భంగిమను చేర్చేవాడు. వెంటనే 'పై దానిని కొట్టివేయండి' అనే సంకేతం పంపేవాడు. బోర్డో అధికారి తప్పును తీసివేసి సందేశాన్ని శుభ్రంగా వ్రాసుకొనేవాడు. కాని ఊరి వెలుపల గోపురంవైపు కన్ను వేసి కూర్చున్న బ్లాంక్ సోదరుల మనిషికి కావలసినది ఆ తప్పే!

టూర్ నే ఎంచుకొనడంలో చాలా తెలివి ఉన్నది. దారిలో దొర్లిన తప్పులను సవరించి పంపే మజిలీ అది. టూర్ కు ముందు చేర్చిన తప్పు అక్కడ తుడిచిపెట్టుకొని పోతుంది. టూర్ లో చేర్చినది బోర్డో దాకా పోతుంది. రెండేండ్లు ఈ పని నిరాటంకంగా సాగినది. 1836 లో ఆ ఉద్యోగి జబ్బుపడి, తన బదులు పని చేయుమని స్నేహితునికి రహస్యం చెప్పడంతో గుట్టు బయటపడినది. 1837 లో విచారణ జరిగినప్పుడు న్యాయస్థానానికి ఒక చిక్కు వచ్చినది. టెలిగ్రాఫును ఇట్లా వాడరాదని ఏ చట్టంలోనూ లేదు! ప్రధాన అభియోగం నిలువలేదు. ఆ సంవత్సరమే ఫ్రెంచి ప్రభుత్వం టెలిగ్రాఫుపై తన సర్వాధికారాన్ని స్థాపించే చట్టం చేసినది. సోదరులలో ఒకడైన ఫ్రాంస్వా బ్లాంక్ తరువాత మాంటీకార్లో జూదశాలకు అధిపతి అయినాడు.

తంతివార్తల చరిత్రలో ఇది మొదటి మోసాలలో ఒకటి. దీనిలో ఒక ముఖ్యవిషయం ఉన్నది. సర్కారు సందేశం, దొంగ సంకేతం ఒకే మార్గంలో నడచినవి. వాటిని వేరుచేయగల శక్తి ఆ మార్గానికి లేదు. నూరేండ్ల తరువాత టెలిఫోను ఇంజనీర్లు తెలిసి తెలిసి ఇదే పొరపాటు చేసినారు.

1876 లో గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినాడు. మన దేశంలో 1882 జనవరిలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. ఆ కాలంలో తీగలను కలిపేది ఆపరేటరు. చిన్న ఊళ్ళలో ఆపరేటరుకు అందరి గొంతులూ తెలుసు; ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలుసు. కాని ఆపరేటరును అందరూ నమ్మలేదు. అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే అంత్యక్రియల వ్యాపారికి, తనకు రావలసిన బేరాలను ఆపరేటరు పోటీదారునికి మళ్ళిస్తున్నదని అనుమానం కలిగినదట. ఆ కోపంతోనే అతడు మనిషి చేయి అక్కరలేని స్విచ్చిని కనిపెట్టినాడని చెపుతారు. 1891 లో దానికి పేటెంటు వచ్చినది. మరుసటి సంవత్సరం ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ లో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి వెలసినది. అనుమానం తీరినది గాని, గొంతు గుర్తుపట్టే మనిషి కూడా తీగ మధ్యనుంచి తొలగిపోయినది.

మనిషి లేనప్పుడు ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి ఎట్లా మాట్లాడుకొనవలె? అమెరికా బెల్ కంపెనీ దీనికి ధ్వనులనే వాడినది. దూరపు లైను ఖాళీగా ఉన్నప్పుడు దానిపై సెకనుకు 2600 కంపనాలు గల ఈల ఎడతెగక మ్రోగుతూ ఉండేది. ఈల ఆగితే ఎవరో లైను తీసుకున్నారని, మళ్ళీ మ్రోగితే విడిచిపెట్టినారని అవతలి ఎక్స్ఛేంజి గ్రహించేది. అంకెలను పంపడానికి 700 నుంచి 1700 వరకు, 200 ల తేడాతో ఆరు ధ్వనులు ఉండేవి. ఒక్కొక్క అంకెకు రెండు ధ్వనులు కలిసి మ్రోగవలె. ఆరింటిలో రెండేసి చొప్పున ఎన్నుకుంటే 15 జతలు అవుతాయని ఉన్నత పాఠశాల విద్యార్థులు లెక్క కట్టగలరు. పది అంకెలకు, మరికొన్ని ఆజ్ఞలకు అవి చాలును.

ఈ ఆజ్ఞలన్నీ మనుష్యుల మాటలు నడిచే తీగమీదనే నడిచేవి. వేరే తీగ వేస్తే ఖర్చు. పైగా కంపెనీ తన సాంకేతిక పత్రికలో 1954 లోను, 1960 లోను ఈ పద్ధతులను విపులంగా ప్రకటించినది. కాని దాదాపు అదే కాలంలో రహస్యాన్ని తానే తెలుసుకున్న వాడున్నాడు. జో ఎంగ్రెసియా పుట్టు గుడ్డివాడు. 1950 ల చివర, ఏడెనిమిదేండ్ల వయస్సులో, ఫోనులో ఈల వేస్తూ ఒక స్థాయికి రాగానే లైను తెగిపోవడం గమనించినాడు. ఆ స్థాయే 2600! ఈల వినగానే అవతలి ఎక్స్ఛేంజి పిలుపు ముగిసినదనుకొని లైను విడిచేది. ఈల ఆగగానే కొత్త పిలుపు వచ్చినదనుకొని అంకెలకోసం ఎదురుచూచేది. ఇవతలి ఎక్స్ఛేంజికి మాత్రం ఇదేమీ తెలియదు. ఉచితమైన నంబరుకు పిలిచి, మధ్యలో ఈల వేసి, ఏ దేశానికైనా రుసుము లేకుండా మాట్లాడవచ్చును.

ఒక తినుబండారపు డబ్బాలో పిల్లలకు బహుమతిగా వచ్చే బొమ్మ ఈల కూడా ఈ స్థాయిలోనే పలికేది. ధ్వనులన్నిటినీ పుట్టించే 'నీలి పెట్టెలు' తయారైనవి. 1971 లో ఎస్క్వయర్ పత్రికలో వీటిపై వ్యాసం వచ్చిన తరువాత, స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ అనే ఇద్దరు యువకులు అట్టి పెట్టెలు చేసి అమ్మినారు. వారే తరువాత ఆపిల్ సంస్థను స్థాపించినారు. వీరిని మెచ్చుకొనేవారు నేటికీ ఉన్నారు. అయితే ఏ గొంతు చెప్పినా ఆజ్ఞే అనుకొనే యంత్రం, తెలివైన పిల్లవానికి, దొంగకు ఒకే విధంగా లోబడుతుంది.

1976 నుంచి అమెరికాలో ఆజ్ఞలకు వేరే మార్గం ఏర్పడసాగినది. 1980 లో ఏడవ నంబరు సంకేత పద్ధతి అంతర్జాతీయ ప్రమాణమైనది. పాత ఈల పద్ధతి ఉత్తర అమెరికాలో చివరకు 2006 లో, మిన్నెసోటాలోని వావీనా అనే పల్లెలో అంతరించినది. మాట్లాడేవారి గొంతు ఇక ఎక్స్ఛేంజికి వినబడదు. కాని కొత్త పద్ధతి వేరొక నమ్మకంపై నిలిచినది. దానిని వాడేవారు కొద్దిమంది పెద్ద కంపెనీలే గనుక, వారు పంపిన సమాచారం నిజమనే భావన. పిలిచేవారి నంబరును ఫోనుపై చూపే సదుపాయం ఈ నమ్మకంమీదనే వచ్చినది. పెద్ద కార్యాలయాల స్విచ్చిబోర్డులకు తమ నంబరును తామే తెలుపుకొనే వీలు కలిగించినారు. ఇంటర్నెటు ద్వారా మాటలు పంపే పద్ధతి వచ్చిన తరువాత ఆ వీలు ఒక కంప్యూటరు ఉన్న ప్రతివానికి దక్కినది. ఉత్తరం కవరుపై 'పంపినవారు' అన్న చోట ఏ పేరైనా వ్రాయవచ్చును గదా! ఫోనుపై కనిపించే నంబరు కూడా అంతే అయినది.

దీనికి అమెరికాలో 2021 జూన్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి పిలుపుకు గణిత సంకేతాలతో కూడిన సంతకం చేయవలెనని నిబంధన వచ్చినది. మన దేశంలో 2024 అక్టోబరులో, విదేశాలనుంచి భారతీయ నంబరు వేషంలో వచ్చే పిలుపులను ఆపే ఏర్పాటు ప్రారంభమైనది. మొదటి 24 గంటలలో అది 1 కోటి 35 లక్షల దొంగ పిలుపులను పట్టినది. అయినా 2024 లో భారతీయులు సైబరు మోసాలలో పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని పార్లమెంటుకు ప్రభుత్వం తెలిపినది. 'డిజిటల్ అరెస్టు' పేరుతో వృద్ధులను గంటల తరబడి వీడియో ముందు కూర్చోబెట్టి డబ్బు గుంజిన ఉదంతాలు దీనిలో భాగమే. ఫోనులో అరెస్టు చేసే అధికారం ఏ చట్టమూ ఏ పోలీసుకూ ఇవ్వలేదు.

తీగకు అవతల ఉన్నవాడు కూడా ఒక్కొక్కప్పుడు బాధితుడే. మియన్మార్ లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు లక్షమందిని నిర్బంధించి ఇట్టి మోసాలు చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 లో అంచనా వేసినది. ఉద్యోగాల ఆశ చూపి మన యువకులను కంబోడియాకు తరలించిన ముఠాను 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టినారు.

ఇంతకూ ఇంటి వద్ద ఉన్నవాడు ఏమి చేయగలడు? టెలిఫోను నిర్మాణంలోనే ఒక సమాధానం ఉన్నది. లోనికి వచ్చే పిలుపులో నంబరు చెప్పేది పిలిచినవాడు. బయటకు పోయే పిలుపులో నంబరు నొక్కేది మనము. ఆ నంబరుకే లైను కలపడం ఎక్స్ఛేంజి బాధ్యత. కాబట్టి బ్యాంకు అని చెప్పినవాని పిలుపు పెట్టివేసి, పాసుపుస్తకంపై ఉన్న నంబరుకు తిరిగి పిలిస్తే వేషం నిలువదు. మోసగాండ్రకు కూడా ఇది తెలుసు. బ్రిటనులో తీగ ఫోనులకు ఒక లక్షణం ఉండేది: పిలిచినవాడు పెట్టేదాకా లైను కొంతసేపు తెగేది కాదు. దొంగలు 'మీ బ్యాంకుకు మీరే ఫోను చేసి చూడండి' అని చెప్పి, లైను పట్టుకొనే ఉండి, డయలు శబ్దాన్ని తామే వినిపించేవారు. బాధితుడు నంబరు నొక్కితే పలికేది మళ్ళీ ఆ ముఠాయే. ఆ వ్యవధిని కంపెనీలు కొద్ది సెకనులకు తగ్గించవలసి వచ్చినది. మన దేశంలో అదే ఎత్తు వేరు రూపంలో వచ్చినది. నక్షత్రం, 401 తో మొదలయ్యే సంఖ్యను నొక్కుమని పురమాయించి, బాధితునికి రావలసిన పిలుపులను తమవైపు మళ్ళించుకొనేవారు. 2024 ఏప్రిల్ 15 నుంచి ఆ సదుపాయాన్ని నిలిపివేయవలెనని టెలికం శాఖ కంపెనీలను ఆదేశించినది. డబ్బు పోయినవారు 1930 నంబరుకు ఎంత త్వరగా తెలిపితే, ఆ సొమ్ము ఇతర ఖాతాలకు మారకముందే నిలిపే అవకాశం అంత ఎక్కువ.