విప్లవ చిత్రం - విపణి వీధి

విచిత్ర చిత్రాలనీ, "కల్ట్" చిత్రాలనీ పేరు పెట్టి పాత సినిమాలను యీనాడు డిస్కులుగానూ, స్ట్రీమింగ్ ద్వారానూ తిరిగి విడుదల చేస్తున్నారు. మరుగునపడిన చిత్రాలు వెలుగు చూడడం సంతోషించదగ్గ విషయమే. కాని అవి ఎందుకు మరుగునపడ్డాయి? వాటిని ఎవరు వెలికితీశారు? ఏ రూపంలో మన ముందుకు తెస్తున్నారు? యీ ప్రశ్నలకు "సోయ్ క్యూబా" - అంటే "నేను క్యూబాను" - అనే చిత్రం చరిత్ర చక్కని ఉదాహరణ.

1959 జనవరిలో క్యూబాలో బాటిస్టా నియంతృత్వం కూలిపోయింది. ఆ యేడే విప్లవ ప్రభుత్వం చలనచిత్ర సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థా, సోవియట్ మాస్‌ఫిల్మ్ స్టూడియో కలిసి తీసిన చిత్రమిది. దర్శకుడు మిహయిల్ కలతోజొవ్ అప్పటికే 1958 కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందినవాడు. ఛాయాగ్రాహకుడు సెర్గీ ఉరుసెవ్‌స్కీ. సోవియట్ కవి యెవ్‌తుషెంకో, క్యూబా రచయిత పినేదా బార్నెత్ కలిసి రచన చేశారు.

చిత్రంలో నాలుగు కథలున్నాయి. అమెరికన్ల విలాసానికి బలి అయ్యే హవానా యువతి. తాను సాగుచేసిన భూమి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ పాలయిందని విని చెరకుతోటకు నిప్పంటించే రైతు. పోలీసు తూటాకు నేలకొరిగిన విద్యార్థి. బాంబులు పడిన తర్వాత తుపాకి పట్టిన కొండప్రాంతపు రైతు.

1964లో విడుదలైన యీ చిత్రాన్ని హవానా ఆదరించలేదు, మాస్కో ఆదరించలేదు. ఇది మా జీవితం కాదు, పరాయివాడి కంటికి కనిపించిన క్యూబా అన్నారు క్యూబన్లు. శిల్పం వస్తువును మింగేసిందన్న విమర్శ సోవియట్ విమర్శకులది. ప్రచ్ఛన్నయుద్ధం నాటి అమెరికాలో దీనికి ఎలాగూ చోటులేదు. అలా దాదాపు మూడు దశాబ్దాలు చిత్రం మూలనపడింది.

సోవియట్ యూనియన్ కూలిన మరుసటి సంవత్సరం, 1992లో, అమెరికాలోని టెల్యురైడ్ ఉత్సవంలో దీన్ని ప్రదర్శించారు. 1995లో మైల్‌స్టోన్ అనే చిన్న సంస్థ విడుదల చేయగా, స్కోర్సెసీ, కొప్పొలా వంటి దర్శకులు దానికి తమ పేర్లు జోడించారు. 2024లో క్రైటీరియన్ సంస్థ 4కే డిస్కుగా తెచ్చింది. అమెరికన్ పెట్టుబడిని దుయ్యబట్టిన చిత్రాన్ని అమెరికన్ విపణే బతికించింది! ఇది అభ్యుదయవాదులమైన మనం సిగ్గుపడవలసిన సంగతి.

క్యూబన్ల ఆక్షేపణలో నిజం లేకపోలేదు. విదేశాల్లో తిరిగిన ప్రతిలో స్పానిష్ సంభాషణల మీద రష్యన్ గొంతు వినిపించేది. క్యూబా పేరిట తీసిన చిత్రంలో క్యూబన్ మాట వెనక్కుపోయింది. కాని లోపాలున్నాయని విమర్శించడం వేరు, ముందుతరాలు చూసి తేల్చుకునే అవకాశమే లేకుండా చేయడం వేరు. మొదటిది విమర్శకుని ధర్మం. రెండవది ఆ ధర్మాన్ని వదులుకోవడం.

విపణి చేసిన మేలుకూ వొక హద్దుంది. విద్యార్థి శవయాత్ర దృశ్యంలో కెమెరా వీధినుంచి మేడ మీదికి లేస్తుంది. చుట్టలు చుట్టే కార్మికుల గదిలోంచి సాగుతుంది. ఆ కార్మికులు కిటికీలోంచి జాతీయ పతాకాన్ని విప్పుతారు. కెమెరా జనసముద్రం మీదుగా తేలిపోతుంది. యీ దృశ్యాన్ని ఎలా తీశారన్న ఆశ్చర్యంతోనే నేటి ప్రశంస చాలావరకు ఆగిపోతుంది. ఆ జనం వీధిలోకి ఎందుకు వచ్చారని అడిగేవారు తక్కువ. 2007లో యీ చిత్రం డీవీడీలను చుట్టల పెట్టె ఆకారంలో అలంకరించి అమ్మారు. తెర మీద పతాకం విప్పిన కార్మికుని శ్రమ చివరకు సరుకు మీది అలంకారమయింది.

కాబట్టి డిస్కు దొరికినంత మాత్రాన చిత్రం దొరికినట్టు కాదు. దాన్ని కళాశాలల్లో, ఫిల్మ్ సొసైటీల్లో పదిమంది కలిసి చూడాలి. దాని చరిత్రతో సహా చర్చించాలి. శిల్పాన్ని మెచ్చుకుంటూనే వస్తువును నిలదీయాలి. ఆ పని మనం చేయకపోతే, మన చిత్రాలకు విలువ కట్టే పనిని విపణికే వొదిలిపెట్టినవాళ్లమవుతాం.