ఫ్రాన్సిస్ చాంట్రీ

సర్ ఫ్రాన్సిస్ లెగాట్ చాంట్రీ (ఏప్రిల్ 7, 1781 - నవంబరు 25, 1841) సుప్రసిద్ధ ఆంగ్ల శిల్పి. వ్యక్తుల రూపశిల్పాలకు ప్రఖ్యాతి గాంచాడు. చెన్నైలోని సర్ థామస్ మన్రో అశ్వారూఢ విగ్రహం ఈయన రూపొందించినదే.

బాల్యం, శిక్షణ

చాంట్రీ ఇంగ్లాండులోని నార్టన్ గ్రామ సమీపాన జోర్డన్‌థోర్ప్‌లో జన్మించాడు. అప్పట్లో డెర్బీషైరులో ఉన్న ఆ ప్రాంతం ఇప్పుడు షెఫీల్డ్ నగరంలో భాగం. తండ్రి వడ్రంగి, చిన్న రైతు. పన్నెండవ యేట తండ్రిని కోల్పోయిన చాంట్రీ కొంతకాలం కిరాణా కొట్టులో పనిచేశాడు. 1797లో చెక్కపై నగిషీలు చెక్కి బంగారు పూత పూసే పనివాని వద్ద శిష్యునిగా చేరాడు. గడువుకు ముందే, 1802లో సొమ్ము చెల్లించి ఆ ఒప్పందం నుండి విడుదల పొందాడు. తరువాత లండను చేరాడు.

శిల్పకళ

1811లో రాయల్ అకాడమీలో ప్రదర్శించిన హార్న్ టుక్ శిరోప్రతిమ చాంట్రీకి పేరు తెచ్చింది. ఆయన ముందుగా కెమెరా లూసిడా అనే పరికరం సహాయంతో ముఖాన్ని ఎదుటినుండి, పక్కనుండి చిత్రించేవాడు. ఆపై బంకమట్టితో నమూనా చేసి, ప్లాస్టరులో పోత పోసేవాడు. దాని కొలతల ప్రకారం సహాయకులు పాలరాతిని చెక్కేవారు. లిచ్‌ఫీల్డ్ కెథడ్రల్‌లోని 'నిద్రిస్తున్న బాలికలు' (1817) అకాలమరణం పొందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ స్మారకం. వాల్టర్ స్కాట్, జేమ్స్ వాట్, జార్జి వాషింగ్టన్‌ల శిల్పాలు కూడా ప్రసిద్ధాలు. 1818లో అకాడమీ పూర్తి సభ్యత్వం, 1835లో 'సర్' బిరుదు లభించాయి.

మన్రో విగ్రహం

1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసిన మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1827లో నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మరణించాడు. చాంట్రీ రూపొందించిన ఆయన కంచు విగ్రహాన్ని 1839లో మద్రాసులో ఆవిష్కరించారు. గుర్రానికి జీను, రికాబులు లేకపోవడం వల్ల శిల్పి వాటిని మరచిపోయాడనే కథ ప్రచారంలోకి వచ్చింది. అయితే లండను ట్రఫాల్గర్ స్క్వేరులోని నాలుగవ జార్జి విగ్రహంలోనూ ఆయన వీటిని చూపలేదు. కనుక ఇది మరపు కాదు, శిల్పి అనుసరించిన పద్ధతి అని భావించవచ్చు.

వారసత్వం

చాంట్రీని స్వగ్రామం నార్టన్‌లో ఖననం చేశారు. ఆయన ప్లాస్టరు నమూనాలను భార్య ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంకు అందజేసింది. సంతానం లేని చాంట్రీ, భార్య అనంతరం తన ఆస్తిపై వచ్చే ఆదాయంతో బ్రిటనులో సృష్టించిన ఉత్తమ చిత్రాలను, శిల్పాలను జాతి కోసం కొనాలని వీలునామా వ్రాశాడు. కళాకారుడు ఏ దేశస్థుడైనా కావచ్చు. ఈ 'చాంట్రీ నిధి' 1870లలో అమలులోకి వచ్చింది. జాన్ సింగర్ సార్జెంట్ చిత్రం 'కార్నేషన్, లిలీ, లిలీ, రోజ్' దీనితో కొన్నదే. కొనుగోళ్ళు ఎక్కువగా అకాడమీ ప్రదర్శనలకే పరిమితమౌతున్నాయని విమర్శలు రాగా, 1904లో ప్రభువుల సభ సంఘం విచారణ జరిపింది. 1897లో ప్రారంభమైన టేట్ గ్యాలరీ తొలి సేకరణలలో ఈ నిధి కళాఖండాలకు ముఖ్యస్థానం ఉంది.